చలికబురు, వానకబురు: దీర్ఘావధి వాతావరణ సూచనలును, ప్రజల స్పందనమును

షోలాపురమున చలికాలమనగా చద్దరుల కాలము. ఈ పట్టణపు తూర్పుభాగమున మరమగ్గముల చప్పుడు వినిపించు వీథులలో అధికభాగము తెలుగువారివి. కరీంనగరము, నల్లగొండ, మహబూబునగరము మొదలగు ప్రాంతములనుండి తరతరములుగా వచ్చి ఇచట స్థిరపడిన పద్మశాలీల వీథులవి. వారు నేయు జకార్డు చద్దరు దేశమంతట షోలాపురము పేరుతోనే అమ్ముడుపోవును. కావున ఈ యేడు చలి యెక్కువయని ఎవరైన చెప్పినచో అది మావారికి ఉబుసుపోక వినెడి వార్త కాదు. నూలు కొనవలెనా, అప్పు చేయవలెనా, రాత్రిపాళీ నడుపవలెనా అను ప్రశ్నలు ఆ వార్తతో ముడిపడి యుండును.

2024వ సంవత్సరమున వానకాలము ముగియుచుండగా అట్టి వార్త యొకటి వచ్చినది. పసిఫిక్ మహాసముద్రమున లా నినా అను స్థితి ఏర్పడనున్నదనియు, దానివలన ఈసారి చలి మిక్కిలి తీవ్రముగా నుండుననియు పత్రికలలోను, టెలివిజనులోను, చేతిఫోనులకు వచ్చు సందేశములలోను మారుమ్రోగినది. మా పాఠశాలలో చదువుకొను ఒక బాలుని తండ్రి ఆ మాట నమ్మి, సావుకారు వద్ద అప్పు తెచ్చి, దసరా ముందే నూలు నింపుకొని, రెండుపాళీలు మగ్గములు నడిపెను. చలి రాలేదు. 1901 మొదలు లెక్క ఉన్న జనవరి మాసములలో 2025 జనవరి మూడవ వెచ్చని మాసమనియు, ఆ ఫిబ్రవరి అన్ని ఫిబ్రవరులకంటెను వెచ్చనిదనియు భారత వాతావరణశాఖ తేల్చినది. చద్దరుల మూటలు గోదాములోనే మిగిలిపోయినవి.

"సారూ, చలి వస్తదని వాండ్లే చెప్పిరి గద! రాకపోతే నా నష్టం ఎవరు తీరుస్తరు?" అని ఆయన నన్నడిగెను. మరునాడు తరగతిలో ఆయన కుమారుడు లేచి, "సార్, లెక్క తప్పు చేస్తే మాకు మార్కులు కోస్తరు. చలి తప్పు చెప్పినోళ్లకు ఏం కోస్తరు?" అనెను. పిల్లలు నవ్విరి. నేను నవ్వలేకపోతిని, సమాధానమును చెప్పలేకపోతిని.

ఈ వ్యాసము ఆ సమాధానమునకై చేసిన వెదకులాట. ఋతువును నెలలకు ముందుగా చెప్పు ప్రయత్నము మన దేశమున ఎట్లు పుట్టినది, అది తప్పినపుడు ప్రజలు ఏమనిరి, ప్రభుత్వమువారు ఏమిచేసిరి, అందుండి మనము నేర్వదగినదేమి అను విషయములను క్రమముగా పరిశీలింతము.

పంచాంగశ్రవణము, దూడ జోస్యము

వాతావరణశాఖ పుట్టకమునుపే మనవారు ఋతుఫలమును ముందుగా వినుచుండిరి. ఉగాదినాడు దేవాలయమున పంచాంగశ్రవణము జరుగును. ఆ యేటి రాజెవరు, మంత్రియెవరు, సస్యాధిపతి యెవరు, మేఘాధిపతి యెవరు అని నవనాయకుల ఫలములు చదివి, వానయెంత, పంటయెంత అని పురోహితుడు చెప్పును. షోలాపురమునకు వచ్చినను తెలుగువారు ఈ ఆచారమును విడువలేదు. ఈ పట్టణమున దానికి తోడు మరియొకటి కలదు. సంక్రాంతి దినములలో జరుగు సిద్ధేశ్వరుని జాతరలో, పగలంతయు మేత పెట్టక ఉంచిన ఒక ఆవుదూడను రాత్రివేళ జనుల యెదుటకు తెత్తురు. దాని ముందర ధాన్యములు, బెల్లము మొదలగునవి ఉంచి, అది దేనిని ముట్టినది, ఎట్లు మెలగినది అని చూచి, రాబోవు యేటి వానను, ధరలను చెప్పుదురు. విదర్భమునందలి బుల్ఢాణా జిల్లాలో భేండ్వళ గ్రామమున అక్షయతృతీయనాడు ఘటమాండణి అను ఇట్టి ఆచారమే కలదు. దాని ఫలితమును తెలిసికొనుటకు రైతులు దూరగ్రామములనుండి వత్తురు.

వీనికి శాస్త్రప్రమాణము లేదు. అయినను మేఘాధిపతిమీద కోపగించినవారిని నేను చూడలేదు. దూడ తప్పు చెప్పినదని తగవునకు పోయినవారిని చూడలేదు. ఇందుకు కారణము ఆలోచింపదగినది. మొదటిది, ఆ మాటను ఊరంతయు కలిసి కూర్చుండి వినును. అది ఎవరి చెవిలోనో వేసిన రహస్యము కాదు. రెండవది, దానిని నమ్మి అప్పు చేయువారు తక్కువ. మూడవది, ఆ మాటలు మిక్కిలి విశాలములు. ఒకచోట వాన, ఒకచోట అనావృష్టి అని చెప్పినచో అది ఏ యేటనైనను నిజమే యగును. ఓడిపోవుటకు సిద్ధపడని మాటను ఎవరును ఓడింపజాలరు. శాస్త్రజ్ఞుని సూచన అట్టిది కాదు. ఇంత వాన, ఇన్నాళ్లలో, ఈ ప్రదేశమున అని చెప్పుటచేత అది తప్పుటకు అవకాశమిచ్చును. దాని గౌరవమును, దాని ప్రమాదమును అక్కడనే ఉన్నవి.

ధాత కరువు

మన పెద్దలు కరువులను సంవత్సర నామములతో జ్ఞాపకముంచుకొనిరి. గుంటూరు ప్రాంతమును పాడుచేసిన 1832–33 నాటిది నందన కరువు. 1876లో మొదలై మూడేండ్లు దక్షిణాపథమును దహించినది ధాత కరువు. అరవదేశమునను దానిని ధాతు సంవత్సరపు పంజమనియే చెప్పుకొందురు. మద్రాసు రాజధాని, మైసూరు, హైదరాబాదు సంస్థానము, బొంబాయి రాజధానిలోని దక్కను జిల్లాలు దానివాత బడినవి. బ్రిటిషు పాలనలోని ప్రాంతములలోనే ఏబది లక్షలకు మించి జనులు నశించిరని అంచనా. షోలాపురము జిల్లా ఎక్కువగా నష్టపడిన జిల్లాలలో ఒకటి.

ఆ కరువు నడుచుచుండగనే, 1877లో, షోలాపురమున తొలి నూలుమిల్లు పని ప్రారంభించినది. తరువాతి కాలమున జనులు దానిని జూనీ మిల్లు అనిరి. పద్మశాలీల రాక అంతకుముందునుండియే యున్నను, మిల్లులు వచ్చిన పిదప అది పెరిగినది. మగ్గమాగిన ఊరినుండి కూలి దొరకు ఊరికి వచ్చినవారే మనలో అనేకుల ముత్తాతలు. వాన తప్పుట, మిల్లుబట్ట పోటీ, అప్పు అను మూడును కలిసి మనలను ఇచటికి చేర్చినవని చెప్పవచ్చును.

ఆ కరువే మరియొక కార్యమునకును ప్రేరణమైనది. భారత వాతావరణశాఖ 1875లో స్థాపితమై, హెన్రీ బ్లాన్‌ఫర్డు దానికి తొలి అధిపతి యయ్యెను. శాఖ పుట్టిన మరుసటి యేడే ధాత కరువు వచ్చినది. రిచర్డు స్ట్రేచీ అధ్యక్షతన ఏర్పడిన కరువు కమిషను 1880లో తన నివేదిక నొసగినది. వాన తప్పుటను ముందుగా తెలిసికొను మార్గమున్నదా అను ప్రశ్న అప్పటినుండి ప్రభుత్వమునకు అవసరమైన ప్రశ్న అయినది. బ్లాన్‌ఫర్డు తన సమాధానమును హిమాలయములలో వెదకెను. చలికాలమున ఆ కొండలపై మంచు అధికముగా పడినచో, వేసవి యెండలో కొంతభాగము ఆ మంచును కరిగించుటకే వ్యయమగును. నేల వేడెక్కుట ఆలస్యమగును. నేలకును సముద్రమునకును వేడిమిలో భేదము తగ్గిన కొలది సముద్రముపైనుండి వచ్చు తడిగాలుల బలము తగ్గును. ఈ సంబంధమును ఆయన 1884లో ప్రకటించెను. 1882 మొదలు చేసిన ప్రయత్నములు ఆశాజనకముగా కనబడగా, 1886 జూను 4వ తేదీన భారతదేశమునకు, బర్మాకు మొదటి అధికారిక దీర్ఘావధి సూచన వెలువడినది.

చలికాలపు కాఠిన్యమునుండి వానకాలమును చదువుటయే మన దేశపు తొలి దీర్ఘావధి సూచనకు పునాది యనుట గమనింపదగినది. ఒకే కరువు ఒకవైపు మనలను షోలాపురపు మగ్గములయొద్దకు తెచ్చినది; మరియొకవైపు ఋతువును ముందుగా చెప్పు విద్యకు దారితీసినది. నూటనలువదేండ్ల తరువాత ఆ రెండును మా వీథిలో ఎదురుపడినవి.

1899: తప్పిన మాట, మూతపడిన నోరు

బ్లాన్‌ఫర్డు తరువాత 1889లో జాన్ ఎలియట్ అధిపతి యయ్యెను. ఆయన మంచుతో తృప్తిపడక, వేసవినాటి దేశస్థితిని, హిందూమహాసముద్రముపై గాలులను, ఆస్ట్రేలియాలోని వాతావరణమును గూడ పరిశీలించి సూచనలు వ్రాయసాగెను. సూచనలలో వివరములు పెరిగినవి, పుటలు పెరిగినవి. వివరము పెరిగినంతగా నిశ్చయము పెరుగలేదు. 1899లో వానలు బాగుండుననియే సూచన చెప్పినది. వచ్చినది ఆ శతాబ్దపు ఘోరమైన అనావృష్టులలో ఒకటి. దేశము మొత్తముమీద వాన సుమారు నాలుగవవంతు తగ్గినది. గుజరాతు, రాజస్థానము, మధ్యపరగణాలు, బొంబాయి దక్కను కరువుపాలైనవి. విక్రమశకము 1956వ సంవత్సరము కావున గుజరాతీలు, రాజస్థానీలు నేటికిని దానిని ఛప్పనియా కరువని చెప్పుకొందురు. లక్షలకొలది జనులును, అంతకు మించి పశువులును నశించినవి.

పత్రికలు వాతావరణశాఖను తీవ్రముగా నిందించినవి. నింద న్యాయమైనదే యనుకొందము. దానికి ప్రభుత్వము చేసిన చికిత్స యెట్టిది? ఇరువదవ శతాబ్దపు తొలి యేండ్లలో కొంతకాలము ఈ సూచనలను ప్రజలకు ప్రకటింపక, రహస్యపత్రములుగా అధికారులకు మాత్రమే పంపిరి. అనగా సూచన ఆగలేదు, వినువారు మారిరి. శిస్తు వసూలుచేయువానికి తెలిసినది, శిస్తు కట్టువానికి తెలియలేదు. తప్పు చెప్పెడి భయమున నోరు మూసికొన్న పెద్దమనిషివలన ఇంటికి కలుగు మేలేమి?

ఇక్కడ మరియొక మాట చెప్పక తప్పదు. 1899లో సూచన నిజమై యుండినను ఆ జనులందరు బ్రతికియుందురని చెప్పజాలము. ధాన్యము ఉన్నచోటనుండి లేనిచోటికి చేర్చుట, పని కల్పించుట, శిస్తు మాన్పుట అను పనులు సకాలమున, చాలినంతగా జరిగినగాని సూచన యొక్కటి ఎవరిని రక్షింపదు. కాని ఆకాశము తప్పినపుడు, ఆకాశమును గూర్చి చెప్పినవానిని నిందించుట సులభము. ధాన్యపుకొట్టు తాళమును గూర్చి అడుగుట కష్టము. ప్రజలకోపము సులభమైన ద్వారమునకే పోయినది. అట్లు పోవుట పాలకులకును అనుకూలముగనే యుండెను.

వాకరు లెక్కలు

1904లో శాఖాధిపతియైన గిల్బర్టు వాకరు వాతావరణవేత్త కాడు. కేంబ్రిడ్జిలో ప్రథమస్థానమున ఉత్తీర్ణుడైన గణితజ్ఞుడు. మంచు, గాలి, పీడనము అను వానిలో దేనికి వానతో నిజమైన సంబంధమున్నదో ఊహచే గాక సంఖ్యలచే తేల్చవలెనని ఆయన నిశ్చయించెను. యంత్రములు లేని ఆ కాలమున భారతీయ గుమాస్తాలు అనేకులు కూర్చుండి, ప్రపంచపు నానాప్రదేశముల లెక్కలను చేతితో గుణించి, సహసంబంధములను కట్టిరి. ఆ శ్రమనుండియే, పసిఫిక్ మహాసముద్రమున వాయుపీడనము పెరిగినపుడు హిందూమహాసముద్రమున తగ్గుట, అది తగ్గినపుడు ఇది పెరుగుట అను మహత్తరమైన ఊగిసలాట తెలియవచ్చినది. 1924 నాటికి వాకరు దానికి దక్షిణ డోలనమని పేరిడెను. పెరూతీరమున సముద్రజలము వేడెక్కు ఎల్ నినోకును ఈ డోలనమునకును గల బంధమును 1969లో బ్యెర్క్‌నెస్ వివరించెను. ధాత కరువు నాడు పసిఫిక్‌లో బలమైన ఎల్ నినో ఉండెనని నేడు మనకు తెలియును. ఆనాడు తెలిసినవారు లేరు.

వాకరు చేసిన మరియొక మేలు మాటకు సంబంధించినది. నెలల ముందుగా చెప్పుదానికి, రేపటి వానను చెప్పుదానికి వాడు పదమునే వాడుట తగదని ఆయన తలచెను. మొదటిదానికి ముందుగా పడిన నీడ యను అర్థమిచ్చు పదమును ఎన్నుకొనెను. నీడను చూచి మనిషి వచ్చుచున్నాడని తెలియును, ముఖకవళికలు తెలియవు. ఐదింట నాలుగువంతుల నమ్మకము లేనపుడు ఊరకుండుటయే మేలని ఆయన అభిప్రాయము. ఎలియట్ కాలపు మౌనమునకును ఈ మౌనమునకును భేదము కలదు. అది తెలిసినదానిని దాచిన మౌనము. ఇది తెలియనిదానిని ఒప్పుకొనిన మౌనము. వాకరు కాలమున సూచనలు మరల ప్రజల యెదుటికి వచ్చినవి. శాఖ ప్రధానకార్యాలయము 1928లో సిమ్లానుండి పూనాకు, 1944లో ఢిల్లీకి మారినను, దీర్ఘావధి సూచనల పని పూనాలోనే నిలిచినది.

జోస్యముకంటె చేత

1972–73 నాటి అనావృష్టిని షోలాపురపు వృద్ధులు నేటికిని చెప్పుదురు. 1972లో దేశపు వాన మరల నాలుగవవంతు తగ్గినది. మహారాష్ట్రమున అంతకుముందే వాన సరిగా లేకుండెను. జొన్నపంట పోయినది. విదేశమునుండి వచ్చిన ఎఱ్ఱజొన్నను మిలో యని పిలిచి, వరుసలలో నిలువబడి తెచ్చుకొనిరి. లక్షలమంది కంకర కొట్టిరి, చెరువుకట్టలు వేసిరి, బాటలు తీసిరి. అయినను ధాత కరువు నాటివలె, ఛప్పనియా నాటివలె జనులు రాలిపోలేదు. ఆ కాలమున మహారాష్ట్ర ప్రభుత్వము ఆరంభించిన ఉపాధి హామీ పథకమే తరువాత చట్టమై, దేశమునకు మార్గము చూపినది.

దీనికి ప్రతిగా 2015ను తలంతము. ఆ యేప్రిలున శాఖ సగటులో 93 శాతము వాన యనియు, జూనున దానిని సవరించి 88 శాతమనియు చెప్పినది. కురిసినది 86 శాతము. ఇంతకంటె సరియైన సూచనను ఆశింపరాదు. అయినను 2016 ఏప్రిలు నాటికి మన పొరుగుననున్న లాతూరులో త్రాగుటకు నీరు లేక, మిరజనుండి రైలులో నీరు తేవలసివచ్చినది. మొదటి బండిలో పది వ్యాగనులు, సుమారు ఐదులక్షల లీటర్లు. ఆ ఇనుపదారి మన జిల్లాలోని పంఢరపురము, కుర్డువాడి, బార్శీలమీదుగనే పోవును. పదినెలల ముందుగా తెలిసిన కరువు అది. తెలిసికొనుట వేరు, తెలిసినదానిని పనిలో పెట్టుట వేరు అనుటకు ఇంతకుమించిన దృష్టాంతము అక్కరలేదు.

సగటును, ఊరును

1988లో వసంత్ గోవారికర్ నాయకత్వమున పదునారు అంశములపై ఆధారపడిన కొత్త పద్ధతి వచ్చినది. ఆ తరువాత పదునాలుగేండ్లు దేశము మొత్తముమీద పెద్ద అనావృష్టి రాలేదు. 1997లో శతాబ్దమున మిక్కిలి బలమైన ఎల్ నినో వచ్చినపుడు అందరు భయపడిరి. వాన సగటుకంటె రెండు శాతము మించియే కురిసినది. ప్రజలలో నమ్మకము పెరిగినది. 2002లో 101 శాతమని చెప్పగా 81 శాతమే కురిసినది. ఆ జూలైలో సాధారణ వర్షమున సగమే పడినది. 2003లో శాఖ ఆ పద్ధతిని మార్చి, ఏప్రిలున ఒకసారి, జూనున సవరించి మరియొకసారి సూచన చెప్పు ఆచారమును ప్రారంభించినది. 2009లో మరల 96, 93 అని చెప్పగా 78 శాతమే వచ్చినది. విమర్శలు చెలరేగినవి.

2017 జూలైలో మరాఠ్వాడాయందలి బీడు జిల్లా రైతులు మరియొక మెట్టెక్కిరి. వాన మంచిదని నమ్మి విత్తితిమి, వాన రాలేదు, విత్తనము పోయినదని వాతావరణశాఖపై పోలీసులకు ఫిర్యాదు చేసిరి. ఆ యేడు దేశపు సగటు 95 శాతము. శాఖ చెప్పినదానికి మిక్కిలి దూరము కాదు. మరి రైతు చెప్పినది అబద్ధమా? కాదు. అతని చేను ఎండినమాట నిజము. దేశమంతకు కలిపి నాలుగు నెలలలో సుమారు 87 సెంటీమీటర్ల వాన యనునది సగటు. అస్సాములో కురిసినదానిని, రాజస్థానములో కురియనిదానిని కలిపి భాగించగా వచ్చిన అంకె అది. ఆ అంకె చూచి మాజల్‌గావ్ చెంత ఒక పొలములో ఏ వారము విత్తవలెనో నిర్ణయించుట, తరగతి సగటు మార్కులు చూచి ఒక బాలుడు ఉత్తీర్ణుడైనాడా లేదా అని చెప్పుటవంటిది. అంకెను ప్రకటించువారు దాని పరిమితిని అదే గొంతుతో ప్రకటించిన పిమ్మట గదా రైతును తప్పుపట్టవలసినది!

ఎవరి ఆకాశము?

ఇంతవరకు చూచిన చరిత్రతో మా వీథి కథకు మరల వత్తము. చలి తీవ్రమని ఎవరు చెప్పిరి? ఆ బాలుని తండ్రి శాఖను నిందించెను గనుక నేను వెదకి చూచితిని. 2024 డిసెంబరు ఆరంభమున వాతావరణశాఖ ప్రకటించిన చలికాలపు సూచనలో ఉన్నది అందుకు విరుద్ధము: దేశమున అధికభాగమున రాత్రులు సాధారణముకంటె వెచ్చగానుండవచ్చును, శీతలవాయువులు వీచు దినములు తగ్గవచ్చును అని. లా నినా ఆలస్యముగా, బలహీనముగా వచ్చి, త్వరలోనే తొలగినది. తప్పినది శాఖ మాట కాదు. లా నినా వచ్చు అవకాశమున్నదను మాట నోటినోట మారి, లా నినా వచ్చినదని, చలి చంపునని పెరిగిన మాట అది. దసరానాటికి మా వీథికి చేరినది ఆ పెరిగిన మాటయే. డిసెంబరునాటి అసలు మాట చేరనే లేదు.

ఏల చేరలేదు? ఇక్కడ మనబోటి ప్రవాసాంధ్రులకు మాత్రమే ఉన్న ఒక చిక్కు కనబడుచున్నది. మా వీథిలో పెద్దలు వార్తలు వినునది తెలుగున. తెలుగు ప్రసారములలో వినిపించు చలి ఆదిలాబాదు చలి, లంబసింగి చలి. వాన హైదరాబాదు వాన, కోస్తా తుపాను. షోలాపురపు ఆకాశమును గూర్చిన మాట పూనానుండియు, ముంబయినుండియు మరాఠీలో, హిందీలో, ఇంగ్లీషులో వచ్చును. బిడ్డలకది అర్థమగును, మగ్గము నడుపు పెద్దలకును, బీడీలు చుట్టు తల్లులకును అర్ధమే అర్థమగును. మనము ఒక ఆకాశము క్రింద నివసించుచు మరియొక ఆకాశమును గూర్చి వినుచున్నాము. భాషను నిలుపుకొనుట యనగా పద్యములు, పండుగలు మాత్రమే యని తలచితిమి. తన ఊరి వాన, తన ఊరి చలి తన భాషలో తెలియని సంఘమునకు ఆ భాష పండుగబట్టవంటిది. నిత్యము కట్టుకొను బట్ట కాదు.

దీనికి పూర్వులు మార్గము చూపియున్నారు. 1885లో సిమ్లా వాతావరణ కార్యాలయమున చేరిన రుచిరామ్ సాహ్నీ, ఆ శాఖలో అధికారియైన తొలి భారతీయుడు. వృక్షశిలాజ శాస్త్రజ్ఞుడైన బీర్బల్ సాహ్నీకి తండ్రి. ఆయన తరువాత ఉపాధ్యాయుడై, పంజాబు సైన్స్ ఇన్‌స్టిట్యూట్ పక్షాన ఊరూర తిరిగి, సామాన్యులకు వారి భాషలోనే విజ్ఞానోపన్యాసములు చేసెను. వాతావరణమును ముందుగా చెప్పు విధానము ఆ ఉపన్యాస విషయములలో ఒకటి. ప్రభుత్వము సూచనలను దాచుటకు పదిపదునైదేండ్ల ముందే, వానిని అంగడివీథిలో విప్పి చెప్పిన ఉపాధ్యాయుడొకడు ఉండెను.

ఆయన పేరు తలచుకొని, 2025 జూను మొదలు మా పాఠశాల గేటు ప్రక్కనున్న నల్లబల్లపై మేమొక చిన్నపని చేయుచున్నాము. నెలకొకసారి శాఖవారి సూచనను పెద్దతరగతి పిల్లలు మరాఠీ, ఇంగ్లీషులనుండి తెలుగున వ్రాయుదురు. వ్రాయుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొందురు: చెప్పినదెవరు? ఏ చోటునకు, ఏ దినములకు చెప్పిరి? నూటికి ఎన్నిపాళ్ల నమ్మకముతో చెప్పిరి? మూడింటికి జవాబు లేని మాటను బల్లపై వ్రాయరు. ప్రక్కనే రెండవ గడి యొకటి విడిచియుంతురు. నెల గడచిన పిమ్మట ఏమి జరిగినదో అందు వ్రాయుదురు. ఆ యేడు వాన సగటుకు మించునని శాఖ చెప్పినది. దేశమున 108 శాతము కురిసినది. గడిలో అది సరియైనదనియే వ్రాసిరి. కాని ఆ సెప్టెంబరున సీనా నది పొంగి మన జిల్లా పల్లెలను ముంచినది. "మంచి వాన" అను మాటలో వరద కూడ ఇమిడియున్నదని ఆనాడు పిల్లలతోపాటు నేనును నేర్చుకొంటిని. అదియు బల్లపై వ్రాసితిమి.

ఇట్టి బల్ల బళ్లారిలో, హోసూరులో, బరంపురములో, యానాములో మన సంఘములవారు ఎవరైనను పెట్టవచ్చును. దానికి ధనము అక్కరలేదు. సుద్దముక్క, ఒక గంట కాలము చాలును.

చద్దరుల బాకీ ఇంకను తీరలేదు. బల్ల దానిని తీర్చదు. కాని తప్పు చెప్పినవారికి ఏమి కోయుదురని అడిగిన ఆ బాలునికి ఇప్పుడు నా దగ్గర సమాధానమున్నది. ఎవరికిని ఏమియు కోయనక్కరలేదు. చెప్పిన మాటను, జరిగిన విషయమును ప్రక్కప్రక్కన వ్రాసి, అందరికి కనబడునట్లు ఉంచవలెను. 1899 తరువాత పాలకులు చేయనిది అదియే. ఇప్పుడు బల్లమీద రెండవ గడిని ప్రతినెల నింపుచున్నది ఆ బాలుడే.